పాత కారు డోర్ లాక్ అరిగిపోతే: లాక్ సెట్ కొనే ముందు ఇవి చూడండి

రాజమండ్రి నుంచి అడిగిన తమ్ముడి సమస్య క్లుప్తంగా ఇదీ. నాన్నగారి 2005 మారుతి 800. డ్రైవర్ వైపు డోర్‌లో కీ పూర్తిగా దూర్చితే తిరగదు, కాస్త వెనక్కి లాగి అటూ ఇటూ ఆడిస్తే తిరుగుతుంది. ఎడమ వైపు డోర్ మాత్రం అదే కీతో బాగానే తెరుచుకుంటోంది. ఇగ్నిషన్‌లో ఇంజన్ నడుస్తుండగానే కీ చేతికొచ్చేస్తోంది. మెకానిక్ చూసి "లాక్ సెట్ మొత్తం మార్చేద్దాం" అన్నాడట. మార్చాలా, రిపేరు అవుతుందా అని అడిగారు.

ఇప్పుడే మార్చొద్దు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ముందు అరిగింది లాక్ కాదు, కీ. ఆ అరిగిన కీ లాక్‌ను కూడా అరగదీస్తూ వచ్చింది, అది వేరే సంగతి. కానీ వైద్యం మొదలుపెట్టాల్సింది కీ దగ్గర. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు డోర్ విప్పేస్తారు, తర్వాత బ్యారెల్ (కీ దూరే లాక్ ముక్క) మారుస్తారు, డోర్‌కి ఒక కీ, ఇగ్నిషన్‌కి ఇంకో కీ, డిక్కీకి మరో కీ అయ్యి చివరికి గుత్తి తయారవుతుంది. ఒకే కీతో మొత్తం నడిచే కారును అలా పాడుచేసుకోవడం నాకైతే ఇష్టం ఉండదు. పైగా మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. బయట లాక్ సెట్లు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి గానీ, ఏది మంచి కంపెనీది, ఏది పైన స్టిక్కర్ మాత్రమే మంచిదో షాపులో నిలబడి తేల్చడం కష్టం. కారుతో వచ్చిన అసలు బ్యారెల్ కొంచెం అరిగినా, బాగుచేస్తే నాసిరకం కొత్తదానికంటే ఎక్కువకాలం పనిచేస్తుంది.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి తెలుసుకుంటే మిగతాదంతా తేలిక. లాక్ బ్యారెల్‌లో బయట ఒక గొట్టం ఉంటుంది, అది కదలదు. దాని లోపల ఇంకో ముక్క ఉంటుంది, అది కీతో పాటు తిరుగుతుంది. ఈ లోపలి ముక్కకు అడ్డంగా సన్నని గాడులు, ఒక్కో గాడిలో ఒక పల్చటి ఇత్తడి రేకు, దాన్ని ఒక పక్కకు తోసే చిన్న స్ప్రింగు. రేకు మధ్యలో చదరపు కంత ఉంటుంది, కీ ఆ కంతలోంచే దూరుతుంది. కీ లేనప్పుడు స్ప్రింగు తోస్తుంది కాబట్టి రేకు కొస బయటి గొట్టంలోని గాడిలోకి పోయి కూర్చుంటుంది, ఇక లోపలి ముక్క తిరగదు. సరైన కీ దూరిస్తే దాని పళ్ళు ఒక్కో రేకును కావలసినంతే కదిలిస్తాయి, రేకులన్నీ లోపలి ముక్క అంచుతో సమానంగా వచ్చి నిలబడతాయి, అప్పుడు తిరుగుతుంది. ఒక్క రేకు కాస్త బయటికి పొడుచుకున్నా అంతే, బిగుసుకుపోతుంది. ఈ రేకుల్లో కంత ఎత్తు మెట్లు మెట్లుగా మారుతుంది, ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య తేడా చాలా కార్లలో అర మిల్లీమీటరు దగ్గర్లో ఉంటుంది. అంటే కీ పన్ను మీద కొంత, రేకు కంత అంచు మీద కొంత అరిగితే చాలు, లెక్క తప్పుతుంది.

మీరు కీని కాస్త వెనక్కి లాగితే తిరుగుతోందన్నారే, దానికి కారణం ఇదే. పన్ను మొన అరిగిపోయి రేకు ఎత్తు చాలడం లేదు. కీని కొద్దిగా జరిపితే పక్కనున్న వాలు మీదికి రేకు ఎక్కి ఎత్తు సరిపోతోంది. ఇగ్నిషన్‌లో కీ జారి వచ్చేయడానికీ ఇదే మూలం. మామూలుగా కీ తిప్పాక రేకులు బయటి గొట్టం మధ్య ఇరుక్కుని కదలలేవు, కీ పళ్ళు వాటికి తగులుకుని ఉంటాయి కాబట్టి కీ బయటికి రాదు. పళ్ళు నున్నబడి, రేకు కంతలు పెద్దవైతే పట్టేది ఏదీ ఉండదు. ఎడమ డోర్ బాగా పనిచేస్తోందంటే ఆ లాక్ పెద్దగా వాడలేదు, దాని రేకులు ఇంకా కొత్తగానే ఉన్నాయి. ఆ ఎడమ డోర్ మీకిప్పుడు బంగారం, ఎందుకో కింద చెప్తాను.

మొదట చేయాల్సింది: ఇంట్లో రెండో కీ ఎక్కడుందో వెతకండి. బీరువాలో, కారు కాగితాల కవర్లో, అమ్మగారి పోపుల డబ్బాలో, ఎక్కడో అక్కడ వాడని అసలు కీ ఉండే అవకాశం ఉంది. దొరికితే డ్రైవర్ డోర్‌లో పెట్టి తిప్పి చూడండి. హాయిగా తిరిగిందంటే డోర్ జోలికి వెళ్ళే పనే లేదు, ఆ కీని దాచి దాని నుంచి రెండు కాపీలు కోయించుకోండి. దొరకలేదా, కీ నంబరు వెతకండి. చాలా కార్లకు కొన్నప్పుడు కీతో పాటు చిన్న రేకు ముక్క మీదో ప్లాస్టిక్ బిళ్ళ మీదో ఒక నంబరు ఇస్తారు, కొన్నింటికి కీ తల మీదే చెక్కి ఉంటుంది. ఆ నంబరుతో కంపెనీ కొలతల ప్రకారం కొత్త కీ కోయొచ్చు.

నంబరూ లేదు, రెండో కీ లేదు అంటే అప్పుడు ఎడమ డోర్ పనికొస్తుంది. ఆ బ్యారెల్ విప్పి మంచి కీ మేకర్ దగ్గరికి తీసుకెళ్తే, అతను రేకుల ఎత్తులు చూసి (చాలావాటి మీద మెట్టు నంబరు కూడా ముద్రించి ఉంటుంది) ఆ ప్రకారం కొత్త కీ కోస్తాడు. ఇక్కడే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. బస్టాండ్ పక్కన బండి పెట్టుకున్న అతని దగ్గరికి మీ అరిగిన కీ తీసుకెళ్ళి "ఇలాంటిది ఇంకోటి చెయ్యి" అనకండి. అతని పనిలో తప్పేమీ ఉండదు, మెషీన్ మీరిచ్చిన కీని ఉన్నదున్నట్టు కాపీ కొడుతుంది, అరుగుదలతో సహా. జిరాక్స్ మీద జిరాక్స్ తీసినట్టు, మూడో కాపీకి వచ్చేసరికి అక్షరం ఆనవాలు పట్టలేం. మీ చేతిలో ఉన్న కీ కూడా ఎప్పుడో ఒక డూప్లికేట్‌కి డూప్లికేట్ అయ్యుంటుందని నా అనుమానం. తల మీద కంపెనీ గుర్తు లేకుండా, పసుపు రంగు పల్చటి ఇత్తడి కీ అయితే అనుమానం కూడా అక్కర్లేదు. బ్లాంక్ (పళ్ళు కోయకముందు ఉండే కీ) మందం తక్కువైనా కీ లోపల ఊగుతుంది, పళ్ళు సరిగ్గా ఉన్నా లాభం ఉండదు. కాబట్టి బ్లాంక్ మందంగా ఉన్నదే అడగండి, కోసిన తర్వాత అంచుల్లో గరుకు మిగిలితే సన్నని ఆకురాయితో తుడిపించుకోండి, ఆ గరుకే లోపల రేకుల్ని గీరుతుంది. వెళ్ళేటప్పుడు ఆర్‌సీ దగ్గర పెట్టుకోండి. కారు ఎవరిదని అడిగే కీ మేకర్ మంచి కీ మేకర్.

మీది చిప్ లేని మామూలు కీ కాబట్టి ఇంతవరకే. ఇది చదివే వేరేవాళ్ళ కారు కీ తలలో చిప్ ఉంటే, పళ్ళు కోయించినంత మాత్రాన డోర్ తెరుచుకుంటుంది గానీ ఇంజన్ స్టార్ట్ కాదు, చిప్ కూడా ప్రోగ్రాం చేయించాలి.

కొత్త కీ వచ్చాక డ్రైవర్ డోర్ పూర్తిగా కాకపోయినా చాలావరకు దారికొస్తుంది. ఎందుకంటే తేడా రెండు వైపులా ఉంది, అందులో కీ వైపు తేడా పోయింది. రాలేదంటే రెండు కారణాలు. ఒకటి, మురికి. రెండు, రేకులు మరీ అరిగిపోవడం, లేదా ఇదివరకు ఎవరో ఆ అరిగిన కీకి సరిపోయేలా రేకుల్ని ఆకురాయితో పామేసి ఉండటం. అలా ఎవరైనా పామేసి ఉంటే కొత్త కీ పాతదానికంటే అధ్వాన్నంగా తిరుగుతుంది, కంగారు పడకండి.

మురికి సంగతి. మన దగ్గర లాక్ గట్టిపడితే ఇంట్లో ఏ నూనె ఉంటే అది పోసేస్తారు. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, ఇంజన్ ఆయిల్, గ్రీజు కూడా పెట్టినవాళ్ళని చూశాను. పోసిన రోజు బ్రహ్మాండంగా తిరుగుతుంది. తర్వాత దుమ్మంతా దానికి అంటుకుని నల్లటి జిగురు అవుతుంది, స్ప్రింగులు రేకుల్ని తొయ్యలేవు, రేకు పడ్డచోటే ఉండిపోతుంది. కొబ్బరినూనె అయితే డిసెంబర్ తెల్లవారుజామున గడ్డకడుతుంది కూడా. తీరప్రాంతం అయితే ఇంకో గొడవ, బ్యారెల్ లోపలి ముక్క జింకు మిశ్రమంతో పోతపోసింది, ఉప్పుగాలికి తెల్లటి పొడి పట్టి బిగుసుకుపోతుంది. కాకినాడ, విశాఖ బీచ్ వైపు తిరిగే కార్లలో ఇది మామూలే. కీ రంధ్రం ముందు స్ప్రింగుతో మూసుకునే చిన్న రేకు తలుపు ఉంటుంది చూడండి, అది విరిగిపోయిన లాక్‌లో ఈ దుమ్మూ నీళ్ళూ సరాసరి లోపలికి పోతాయి. మీ డ్రైవర్ డోర్‌లో అది ఉందో లేదో ఒకసారి చూసుకోండి, నాకు ఎక్కువ కనిపించేది లేకపోవడమే.

డోర్ విప్పకుండానే శుభ్రం చేసి చూడొచ్చు. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేకి సన్నని గొట్టం తగిలించి కీ రంధ్రంలోకి ధారాళంగా కొట్టండి, కింద పాత గుడ్డ పట్టుకోండి, లేకపోతే పెయింట్ మీద నల్లగా కారుతుంది. కీ పెట్టి తీయండి, తుడవండి, మళ్ళీ పెట్టండి. కీకి నలుపు అంటడం ఆగేదాకా చేయాలి. ఆ తర్వాత కాసేపు ఎండలో వదిలేయండి. ఇది శుభ్రం చేయడానికి మాత్రమే, ఇదే పోసి వదిలేస్తే మళ్ళీ కథ మొదటికొస్తుంది. పూర్తిగా ఆరాక గ్రాఫైట్ పొడి వేయాలి. దొరక్కపోతే మెత్తటి పెన్సిల్ ములుకును కీ పళ్ళ మీద బాగా రుద్ది, కీని లోపలికి బయటికి ఆడించినా పని జరుగుతుంది. తడి ఉన్నప్పుడు గ్రాఫైట్ వేస్తే మాత్రం బురద తయారవుతుంది, అందుకే ఆరనివ్వమంటున్నాను. గ్రాఫైట్, నూనె ఒకే లాక్‌లో కలపొద్దు.

ఇంతవరకూ చేసినా కాకపోతే అప్పుడు డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు ఉండే అట్ట) విప్పాలి. విప్పే ముందు ఒక చిన్న పరీక్ష, దీన్ని ఎవరూ చేయరు. డోర్ తెరిచి ఉంచండి. డోర్ అంచున లాచ్ (మూసిన డోర్ తెరుచుకోకుండా పట్టి ఉంచే భాగం) నోరు కనిపిస్తుంది కదా, అందులోని కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసిన స్థితికి తీసుకురండి. రెండు క్లిక్కులు వినిపించాలి. మొదటిది సగం పట్టు, రెండోది పూర్తి పట్టు. ఇప్పుడు లోపలి నాబ్ నొక్కి లాక్ చేయండి, కీతో తెరవండి, బయటి హ్యాండిల్ లాగండి. కొక్కెం టప్పున వదలాలి. కీ బాగానే తిరుగుతూ నాబ్ మాత్రం లేవకపోతే బ్యారెల్ తప్పు కాదు, బ్యారెల్ వెనక తోక నుంచి లాచ్‌కి వెళ్ళే రాడ్ ఊడిపోయింది, లేదా దాని ప్లాస్టిక్ క్లిప్ విరిగింది. నాబ్‌ను చేత్తో లేపడమే కష్టంగా ఉంటే లాచ్‌లో పాత గ్రీజు ఎండిపోయి గట్టిపడింది, ఆ బరువంతా కీ మీద పడుతోంది. డోర్ తెరిచి ఉన్నప్పుడు అన్నీ బాగా పనిచేసి, మూస్తేనే ఇబ్బంది అయితే డోర్ దిగిపోయింది. ఈ మూడింటికీ లాక్ సెట్ మార్చినా నయాపైసా ఉపయోగం లేదు.

డోర్ దిగిందో లేదో తెలుసుకోవాలంటే డోర్ సగం తెరిచి, వెనక కొసను కింద నుంచి పట్టుకుని పైకి ఎత్తి చూడండి. టకటకా ఆడితే డోర్ మడతబందుల పిన్నులు అరిగాయి. ఆడకుండా ఉన్నా మూసేటప్పుడు లాచ్ కొంచెం కింద తగులుతూ ఎక్కుతోందంటే, లాచ్ కొక్కెం పట్టుకోవడానికి బాడీ స్తంభానికి బిగించిన స్ట్రైకర్‌ను సర్దాలి. స్ట్రైకర్ చుట్టూ ముందు పెన్సిల్‌తో గీత గీసుకోండి, స్క్రూలు పూర్తిగా తీయకుండా వదులు మాత్రమే చేసి, ఒక మిల్లీమీటరు జరిపి, బిగించి, మూసి చూడాలి. ఆ స్క్రూలు ఏళ్ళ తరబడి బిగుసుకుని ఉంటాయి, తలకు సరిగ్గా పట్టే పెద్ద స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి, దాని వెనక సుత్తితో రెండు దెబ్బలు వేశాక తిప్పండి. ఆ తల గుండ్రంగా అరిగిపోతే తర్వాత డ్రిల్ పెట్టి తీయాల్సి వస్తుంది. మడతబందుల పిన్నులు అరిగి ఉంటే అది టింకరింగ్ అతని పని, స్ట్రైకర్ జరిపి సరిపెట్టడం తాత్కాలికమే.

సరే, ప్యాడ్ విప్పడం. ముందుగా షాపులో డోర్ ప్యాడ్ క్లిప్పులు ఒక డజను, రాడ్ క్లిప్పులు రెండు మూడు కొని దగ్గర పెట్టుకోండి. పాత క్లిప్పులు విరగకుండా రావు, అవి లేక ప్యాడ్‌ను స్క్రూలు పెట్టి బిగించిన కార్లు చాలా ఉన్నాయి, చూడ్డానికే బాధగా ఉంటుంది. అద్దం పూర్తిగా పైకి ఎత్తండి. ఆర్మ్‌రెస్ట్ స్క్రూలు, లోపలి హ్యాండిల్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తీయండి. గ్లాస్ తిప్పే హ్యాండిల్‌కి బయట స్క్రూ కనపడదు, వెనకాల ఒక వైరు క్లిప్ పట్టి ఉంచుతుంది. పాత నూలు గుడ్డను పట్టీలా మడిచి హ్యాండిల్‌కి, ప్యాడ్‌కి మధ్య దూర్చి రెండు చేతులతో అటూ ఇటూ లాగితే గుడ్డ ఆ క్లిప్‌ను పట్టి బయటికి లాగేస్తుంది. ఎగిరి పడుతుంది, ఎక్కడ పడిందో చూసుకోండి, ఇసుక నేల మీద ఈ పని పెట్టుకోకండి. తర్వాత ప్యాడ్ కింది అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో క్లిప్ దగ్గర వెడల్పాటి స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి పైకి లేపండి. మధ్యలో పట్టి లాగితే, ప్యాడ్ అట్ట వానలకు నాని మెత్తబడి ఉంటుంది కాబట్టి క్లిప్ డోర్‌కే ఉండిపోయి అట్ట చిరిగి చేతికొస్తుంది.

ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు నల్లటి జిగురుతో అతికించి ఉంటుంది. దాన్ని చింపి పారేసేవాళ్ళే ఎక్కువ. అది అలంకారానికి పెట్టింది కాదు, అద్దం పక్క నుంచి డోర్‌లోకి దిగే వాననీళ్ళు లోపలికి రాకుండా కింది రంధ్రాల్లోంచి పోయేలా చేసేది అదే. మెల్లగా ఒలిచి పక్కన పెట్టండి, మళ్ళీ అతికించండి. చిరిగిపోయి ఉంటే మందపాటి పాలిథీన్ షీటు కత్తిరించి పెట్టినా సరిపోతుంది. ఎలాగూ విప్పారు కాబట్టి డోర్ అడుగున నీళ్ళు పోయే రంధ్రాల్లో మట్టి కూడా పొడిచి తీసేయండి.

చెయ్యి లోపలికి పెట్టేటప్పుడు జాగ్రత్త, డోర్ లోపలి రేకు అంచులు కత్తిలా ఉంటాయి. పాత మేజోడు కొస కత్తిరించి మోచేతి దాకా తొడుక్కుంటే గీరుకోకుండా పని అవుతుంది. బ్యారెల్ వెనక వైపు ముందుగా రాడ్ క్లిప్‌ను రాడ్ మీద నుంచి పక్కకు తిప్పి వదిలించండి. బ్యారెల్‌ను డోర్ రేకుకు పట్టి ఉంచేది గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఒక ఇనప క్లిప్, దాన్ని స్క్రూడ్రైవర్‌తో తోసి, నోస్ ప్లయర్‌తో పట్టుకుని జరిపితే వస్తుంది. ఏ వైపు నుంచి ఎక్కించారో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బ్యారెల్ బయటి నుంచి చేతికొస్తుంది. ఎడమ డోర్‌ది కూడా తీస్తున్నట్టయితే రెండిటి మీద ఎల్, ఆర్ అని రాసుకోండి, తోకల దిశ వేరుగా ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద కూర్చోండి, ఫ్యాన్ ఆపండి. బ్యారెల్‌లో కొత్త కీ దూర్చి ఉంచి మాత్రమే వెనక తోకను పట్టుకున్న క్లిప్ తీయండి. కీ లేకుండా లోపలి ముక్క లాగితే రేకులు, స్ప్రింగులు అన్నీ జల్లున రాలిపోతాయి, ఏది ఏ గాడిదో ఇక దేవుడికే తెలియాలి. కీతో సహా లాగితే అన్నీ తమ తమ చోట్లలోనే ఉంటాయి. వేలితో అంచు వెంట తడిమి చూడండి. అన్ని రేకులూ సమానంగా ఉంటే రేకుల్లో తప్పేమీ లేదు, మురికో, స్ప్రింగో. ఏదైనా పొడుచుకుని ఉంటే అదే మీ దొంగ. సాధారణంగా కీ రంధ్రానికి దగ్గరగా ఉన్న రేకులు ఎక్కువ అరుగుతాయి, ఎందుకంటే కీ దూరినప్పుడల్లా పళ్ళన్నీ వాటి మీద నుంచే పోవాలి, చివరిదాని మీదికి మొన మాత్రమే చేరుతుంది.

వరసగా ఒక్కో రేకు తీసి, తీసిన వరసలోనే కాగితం మీద పెట్టి ఫొటో తీసుకోండి. లోపలి ముక్కను, గొట్టాన్ని పెట్రోల్‌తోనో కిరోసిన్‌తోనో పాత టూత్‌బ్రష్ పెట్టి కడగండి (ఆరుబయట, దగ్గర్లో బీడీ సిగరెట్లు లేకుండా). అరిగిన రేకు చోట అదే మెట్టు ఉన్న మంచి రేకు వేయాలి. ఎక్కడ దొరుకుతుంది? విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, పాత కార్లు విడగొట్టి అమ్మేవాళ్ళ దగ్గర అదే మోడల్ పాత బ్యారెల్ ఒకటి తక్కువ ధరకే దొరుకుతుంది. వేరే కారు కీది అయినా పర్వాలేదు, మనకు కావలసింది అందులోని రేకులు, స్ప్రింగులే. కీ మేకర్ల దగ్గర కూడా డబ్బాలో ఇలాంటివి పోగేసి ఉంటాయి.

రేకు దొరక్కపోతే ఆ ఒక్క రేకును తీసేసి బిగించే పద్ధతి ఉంది. లాక్ బాగానే పనిచేస్తుంది, కాకపోతే ఆ మేరకు భద్రత తగ్గుతుంది, వేరే కీలతో తెరుచుకునే అవకాశం పెరుగుతుంది. ఒక్కటి వరకు నేను ఒప్పుకుంటాను. మూడు నాలుగు తీసేసి "సెట్ అయింది సార్" అని చేతిలో పెడితే ఆ డోర్ స్క్రూడ్రైవర్‌తో కూడా తెరుచుకుంటుంది. ఇంకో పద్ధతి, పొడుచుకున్న రేకు కొసను ఆకురాయితో కొద్దిగా పామడం. కొత్త కీ పెట్టి ఉండగా, సన్నని ఆకురాయితో, రేకు వరకు మాత్రమే. లోపలి ముక్కకు ఆకురాయి తగిలితే బ్యారెల్ వదులైపోయి ఊగడం మొదలవుతుంది. పాత అరిగిన కీ పెట్టి ఈ పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు, అలా చేస్తే మీ లాక్ ఆ పాడైన కీకి శాశ్వతంగా బానిస అవుతుంది, ఆ కీ ఇంకొంచెం అరగగానే మళ్ళీ మొదటికే. ఇందాక చెప్పిన అధ్వాన్నపు కేసులన్నీ ఇలా తయారైనవే.

స్ప్రింగు పోతే బాల్‌పెన్ స్ప్రింగు కత్తిరించి పెట్టమని ఎవరైనా చెప్తారు. అది లావు, గట్టి, కీ దూర్చడమే కష్టం అవుతుంది. పాత బ్యారెల్ నుంచి తీసినదే వేయండి. అన్నీ కూర్చాక గ్రాఫైట్ పొడి కొంచెం చల్లి, కీతో పాటు గొట్టంలోకి తోసి, తోక బిగించి, చేతిలోనే పట్టుకుని పదే పదే తిప్పి చూడండి. కీ పూర్తిగా బయటికి తీసి లోపలి ముక్కను తిప్పడానికి ప్రయత్నించండి, తిరగకూడదు.

బిగించే ముందు లాచ్ సంగతి కూడా చూసేయండి. దాన్ని పట్టి ఉంచే స్టార్ స్క్రూలు డోర్ అంచున కనిపిస్తాయి. లాచ్‌ను విప్పకుండానే పాత గ్రీజును స్ప్రేతో కరిగించి, తుడిచి, తెల్ల లిథియం గ్రీజు కొంచెం పెట్టండి. గ్రీజు లాచ్‌కి, గ్రాఫైట్ బ్యారెల్‌కి, అటుది ఇటు వద్దు. రాడ్‌కి కొత్త ప్లాస్టిక్ క్లిప్ వేయండి. రూపాయల్లో వచ్చే ఈ క్లిప్ బదులు బైండింగ్ వైరు చుట్టి వదిలేసిన డోర్లు ఎన్నో చూశాను, వైరు వదులైన రోజున కీ ఊరికే తిరుగుతుంది, డోర్ తెరుచుకోదు.

కారుకు బయట వేయించిన సెంట్రల్ లాకింగ్ ఉంటే ఇంకో మాట. ఆ మోటార్ రాడ్‌ను అసలు రాడ్‌కి స్క్రూ పెట్టి బిగిస్తారు, అది కాస్త వంకరగా ఉంటే ప్రతిసారీ కీతో మోటార్‌ను కూడా మీరే ఈడ్చాల్సి వస్తుంది. కీ గట్టిగా ఉందని లాక్‌ను తిట్టుకుంటాం గానీ తప్పు ఆ రాడ్‌ది. మోటార్ రాడ్ విడదీసి కీ తిప్పి చూస్తే తేలిపోతుంది. రిమోట్ ఉంది కదా అని కీ వాడటం పూర్తిగా మానేసినవాళ్ళకి కూడా చెప్తున్నా, బ్యాటరీ పడుకున్న రోజు ఆ డోర్ కీతోనే తెరవాలి, అప్పుడప్పుడు తిప్పుతూ ఉండండి.

అన్నీ బిగించాక డోర్ వెంటనే మూసేయకండి. ఇందాక చెప్పిన స్క్రూడ్రైవర్ పరీక్ష మళ్ళీ చేయండి, కీతో, నాబ్‌తో, బయటి హ్యాండిల్‌తో, లోపలి హ్యాండిల్‌తో, నాలుగూ పనిచేశాకే మూయండి. ఏదో రాడ్ తగిలించడం మర్చిపోయి డోర్ మూస్తే, మూసిన డోర్‌కి ప్యాడ్ విప్పడం నరకం. కొక్కెం రెండో క్లిక్ దాకా రాకపోతే ఆ కారు రోడ్డు మీదికి తీయొద్దు, మలుపులో డోర్ తెరుచుకుంటుంది.

మధ్యలో కీ విరిగి లోపల ఉండిపోతే ఇంకో కీ పెట్టి తోయొద్దు, ఫెవిక్విక్ రాసి లాగే ప్రయోగాలు అసలే వద్దు, రేకులన్నీ అతుక్కుపోతాయి. సన్నని ఫ్రెట్‌సా (చిన్న రంపం) బ్లేడును పళ్ళు బయటి వైపుకు ఉండేలా పక్కన దూర్చి, కొద్దిగా ఒత్తి లాగితే ముక్క దాన్ని పట్టుకుని వస్తుంది.

ఇక ఇగ్నిషన్. ముందు కొత్త కీతో చూడండి, నూటికి తొంభై పాళ్ళు అని అంకెలు చెప్పను గానీ మీ కారులో ఎడమ డోర్ ఇంకా బాగుంది కాబట్టి కొత్త కీతో చాలా మార్పు వస్తుందనే నా నమ్మకం. పాత కీ గుత్తిలోంచి తీసి బీరువాలో పడేయండి, ఇంట్లో ఎవరో ఒకరు మళ్ళీ అదే పెట్టి తిప్పుతారు. గుత్తికి ఇంటి తాళాలు, గోదాం తాళాలు, ఇత్తడి వేంకటేశ్వరస్వామి అన్నీ వేలాడుతుంటే వాటిని విడదీయండి, ఆ బరువు రోడ్డు కుదుపులకు ఊగుతూ ఇగ్నిషన్ రేకుల్ని లోపల నుంచి అరగదీస్తుంది. కొత్త కీతో కూడా నడుస్తుండగా కీ బయటికి వస్తోందంటే ఇగ్నిషన్ బ్యారెల్ మాత్రం ఇంట్లో విప్పకండి. స్టీరింగ్ లాక్ దానితోనే కలిసి ఉంటుంది, బోల్టు తలలు కూడా బిగించాక తెగిపోయే రకం, ఊరికే స్పానర్ పెట్టి తీయడానికి రావు. స్టీరింగ్ లాక్ నడుస్తుండగా పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అది పని తెలిసిన మనిషికి ఇచ్చి, కొత్త బ్యారెల్ వేయాల్సి వచ్చినా సరే, అందులోని రేకులను మీ కొత్త కీకి తగ్గట్టు మార్చి బిగించమని చెప్పండి. కీ మేకర్లు ఆ పని చేస్తారు. అప్పుడు డోర్లకి, ఇగ్నిషన్‌కి, డిక్కీకి ఒకటే కీ ఉంటుంది.

కొత్త కీ వచ్చాక డ్రైవర్ డోర్ ఎలా తిరుగుతోందో, నాబ్ పరీక్షలో ఏం తేలిందో రాయండి, దాన్ని బట్టి ప్యాడ్ విప్పాలో వద్దో చెప్తాను.